పెట్రోలు మీద కొసరు

మన ఆడవాళ్ళకు బజారులో వినిపించే మాటలన్నిటిలోకీ 'కొసరు' అంత ఇష్టమైన మాట మరొకటి లేదేమో! కిలో వంకాయలు తూచాక తక్కెట్లో మరో రెండు కాయలు పడాలి. పాలవాడు లీటరు కొలిచాక గిన్నెలోకి ఇంకో చుక్క ఒలకాలి. మూరెడు పువ్వులు కొలిచిన చెయ్యి మరో బెత్తెడు వదలాలి. అలా పడిన దాని ఖరీదు ఏపాటి? అయినా ఆ పూటకు గెలుపు మనదేనన్నట్టు సంచీ ఊపుకుంటూ ఇంటికొస్తాం. అసలు కంటే కొసరు ముద్దు అన్న మాట ఉండనే ఉంది.

ఈ విద్య చెల్లని చోటు ఒక్కటుంది. పెట్రోలు బంకులో స్కూటరు ఆపి, "మరో చుక్క వెయ్యి బాబూ!" అని అడిగిన ఇల్లాలిని నేనింతవరకు చూడలేదు. అక్కడ మిషను మీద అంకె ఆగితే పైపూ ఆగుతుంది. కానీ అంత నిక్కచ్చి వ్యాపారంలోనూ కొసరు ఉంది. కాకపోతే దాన్ని మనం అడగం, వాళ్ళే ఇస్తారు. కార్డు మీద పాయింట్లు, ఫోనులో వెనక్కి వచ్చే రూపాయలు, సరుకుల బిల్లుతో పాటు వచ్చే కూపన్లు. అడగకుండా వేసే కొసరు కనక దాన్ని కాస్త అనుమానంగానే చూడాలి. ఎందుకంటే దీని వెనక నూటపాతికేళ్ళు దాటిన చరిత్ర ఉంది. అందులో మన విశాఖపట్నానికీ పాత్ర ఉంది.

కథ పెట్రోలుతో కాదు, కిరసనాయిలుతో మొదలవుతుంది.

భీమునిపట్నం వెళ్ళినవాళ్ళు గడియారం స్తంభం, డచ్చివాళ్ళ సమాధులు చూసే ఉంటారు. పదిహేడో శతాబ్దంలో బట్టల వర్తకానికి వచ్చిన డచ్చివాళ్ళు 1825లో ఊరిని ఇంగ్లీషువాళ్ళకు అప్పగించారు. ఆ తరవాత ఇంగ్లీషువాళ్ళ రోజుల్లో ఈ రేవునుంచి నువ్వులు, వలిసెలు, గోగునార ఓడలకెక్కేవి. నూనె గింజలను దేశదేశాలకు పంపిన ఊరన్నమాట. ఇళ్ళలో మాత్రం ఆముదం దీపమే. అలాంటి తీరానికి పందొమ్మిదో శతాబ్దం చివర అమెరికా నుంచి కిరసనాయిలు వచ్చింది. ఆముదం కంటే వెలుగెక్కువ, వత్తి సవరించే బాధ తక్కువ. నాలుగు గాలన్ల నలుపలకల రేకు డబ్బాలో వచ్చేది.

ఆ డబ్బా ఉంది చూశారూ, అదే మొదటి కొసరు! నూనె అయిపోయాక డబ్బా ఇంటిదే. దాంట్లో నీళ్ళు మోశారు, బియ్యం పోశారు, జంతికలు దాచారు. సాపు చేసి కప్పు మీద పరిచారు, తులసి మొక్క నాటారు. మన అమ్మమ్మల ఇళ్ళలో కిరసనాయిలు డబ్బా లేని వంటిల్లు ఎక్కడుంది?

ఈ డబ్బా ఒక పెద్ద వ్యాపారినే తికమక పెట్టింది. లండనుకు చెందిన మార్కస్ శామ్యూల్ అనే ఆయన, తరవాత షెల్ కంపెనీ స్థాపించినాయన, అమెరికా స్టాండర్డ్ ఆయిల్ వాళ్ళను దెబ్బతీయాలనుకున్నాడు. డబ్బాల ఖర్చు లేకుండా రష్యా నూనెను ఓడ కడుపులోనే నింపి, 1892లో సూయెజ్ కాలువ దాటించి తూర్పు దేశాలకు పంపాడు. నూనె చవక. జనం గిన్నెలూ కుండలూ పట్టుకుని వరస కడతారనుకున్నాడు. ఎవ్వరూ రాలేదు. కారణం కనుక్కుంటే తేలిందేమిటి? జనానికి కావలసింది నూనె ఒక్కటే కాదు, స్టాండర్డ్ వాళ్ళ నీలం డబ్బా కూడా! చివరికి ఆయన సీమనుంచి రేకు తెప్పించి, ఇక్కడే ఎర్ర డబ్బాలు చేయించి, వాటిలో నూనె పోసి అమ్ముకోవలసి వచ్చింది. ఆసియా ఇళ్ళలో నీలం డబ్బాల పక్కన ఎర్ర డబ్బాలు చేరాయి. కొసరుకున్న బలం కంపెనీలకు అప్పుడే తెలిసిపోయింది.

తరవాతి ఘట్టంలో డబ్బా కాదు, ఏకంగా ధరే కొసరయింది. 1927లో అమెరికాకు చెందిన స్టాండర్డ్ ఆయిల్ ఆఫ్ న్యూయార్క్ వాళ్ళు సోవియట్ రష్యా నుంచి చవగ్గా కిరసనాయిలు కొని మన దేశంలో అమ్మడానికి తెచ్చారు. షెల్ కంపెనీ అధిపతి హెన్రీ డెటెర్డింగ్‌కు ఒళ్ళు మండింది. రష్యాలోని తన నూనె బావులను విప్లవం తరవాత బోల్షెవిక్కులు జప్తు చేశారు. దొంగసొత్తు కొంటారా అని ఆయన ధుమధుమలాడి, ఆ సెప్టెంబరులో భారతదేశంలో కిరసనాయిలు ధర తగ్గించేశాడు. వాళ్ళూ తగ్గించారు. ఆయన మళ్ళీ తగ్గించాడు. సముద్రాల అవతలి ఇద్దరు శ్రీమంతుల కోపతాపాల పుణ్యమా అని మన పల్లెల్లో బుడ్డిదీపం చవగ్గా వెలిగింది.

ఎన్నాళ్ళు? ఏడాది కూడా సరిగ్గా గడవలేదు. 1928 ఆగస్టులో డెటెర్డింగ్ స్కాట్లండులోని అక్నకారీ కోటను అద్దెకు తీసుకున్నాడు. పిట్టల వేటకని పేరు. అమెరికా నుంచి వాల్టర్ టీగిల్, ఆంగ్లో పర్షియన్ కంపెనీ నుంచి జాన్ కాడ్‌మన్ వచ్చారు. పిట్టలు ఎన్ని పడ్డాయో గానీ సెప్టెంబరు నాటికి ఒక ఒప్పందం మాత్రం తయారయింది. ఎవరి వాటా ఎంత ఉందో అంతే ఉంచుకోవాలి, ఒకరి బేరం మరొకరు చెడగొట్టకూడదు. ఆ ఒప్పందం పూర్తిగా లోకానికి తెలిసింది 1952లో, అమెరికా ప్రభుత్వ నివేదిక బయటికి వచ్చాక.

మన దేశంలో బర్మా ఆయిల్, షెల్ కలిసి బర్మా షెల్ అయింది కూడా ఆ 1928లోనే. ఆనాటి లెక్క ఎంత విడ్డూరంగా ఉండేదో చూడండి. పక్కనున్న పర్షియా నుంచి నూనె వచ్చినా, ఎక్కడో అమెరికా దగ్గరి మెక్సికో సింధుశాఖ నుంచి వచ్చినట్టు ధర కట్టి, ఆ దూరానికి ఓడ కిరాయి వేసేవారు. పక్క వీధి కొట్లో కొన్న బెల్లానికి అనకాపల్లి నుంచి బండి బాడుగ కట్టమన్నట్టు!

ఇక్కడే నా మనసుకు తట్టిన మాటొకటి చెప్పేస్తాను. కొసరు వేసే చెయ్యి మన మీద ప్రేమతోనే వేస్తోందా, పక్కవాడి మీద కోపంతో వేస్తోందా అన్నది చూసుకోవాలి. ప్రేమతో వేసిన కొసరు రేపూ ఉంటుంది. కోపంతో వేసింది ఆ కోపం చల్లారగానే పోతుంది. వాళ్ళిద్దరూ ఒకటైపోతే నిన్నటి కొసరు కూడా రేపటి ధరలో కలిపి రాబడతారు.

స్వాతంత్ర్యం వచ్చాక కథ మన ఊరికి చేరింది. 1957లో అమెరికా కంపెనీ కాల్టెక్స్ విశాఖపట్నంలో, మల్కాపురం వైపు, నూనె శుద్ధి కర్మాగారం పెట్టింది. మూడేళ్ళు తిరిగేసరికి మళ్ళీ రష్యా చవక నూనె తలుపు తట్టింది. 1960లో కేంద్రంలో చమురు వ్యవహారాలు చూస్తున్న కె.డి. మాలవీయ, సోవియట్ ముడినూనె తక్కువ ధరకు దొరుకుతోంది, మీ రిఫైనరీల్లో శుద్ధి చెయ్యండని విదేశీ కంపెనీలను అడిగారు. బర్మా షెల్, స్టాన్‌వాక్, మన విశాఖ కాల్టెక్స్, ముగ్గురూ కాదన్నారు. మా నూనె మేమే తెచ్చుకుంటామన్నారు. కానీ ఆ బేరం ఊరికే పోలేదు. పక్కకొట్టు ధర చెప్పగానే మన కొట్టువాడు మెత్తబడినట్టు, ఆ కంపెనీలు తమ ముడినూనె ధరలో తగ్గింపు ఇచ్చాయి. 1959లో పుట్టిన ఇండియన్ ఆయిల్ సోవియట్ డీజిలు, కిరసనాయిలు తెప్పించి సొంతంగా అమ్మడం మొదలుపెట్టింది. బేరమాడటం మన ప్రభుత్వానికి కూడా వచ్చునన్నమాట!

1973లో అరబ్బు దేశాల చమురు దెబ్బ తగిలింది. మూడు డాలర్ల దగ్గరున్న పీపా ముడినూనె 1974 జనవరికల్లా పదకొండు డాలర్లు దాటింది. పెట్రోలు ధర పెరిగిందని 1973 నవంబరులో అటల్ బిహారీ వాజపేయి ఎడ్లబండి మీద పార్లమెంటుకు వెళ్ళారు. ఆ తరవాత 1974లో ఎస్సో, 1976లో బర్మా షెల్ ప్రభుత్వపరమయ్యాయి. విశాఖ కాల్టెక్స్ కూడా ప్రభుత్వం చేతికి వచ్చి 1978లో హిందుస్థాన్ పెట్రోలియంలో కలిసింది. రిఫైనరీ అదే, బోర్డు మీద పేరు మారింది.

ఇక ధర ఢిల్లీలో నిర్ణయమయ్యేది. బంకులన్నిట్లో ఒకటే ధర కనక కొసరుకు చోటు లేదు. నిజానికి కొసరు ఉంది, దాన్ని మరొక గిన్నెలో పోసేవారు. కారున్నవాడి దగ్గర పెట్రోలు మీద కాస్త ఎక్కువ తీసుకుని, ఆ డబ్బుతో కిరసనాయిలు, వంటగ్యాసు ధరలు అదిమి ఉంచారు. రేషను షాపు ముందు డబ్బా పట్టుకుని నిలబడ్డ ఇల్లాలి చేతిలో ఉన్నది ఎవరో కారు యజమాని ఇచ్చిన కొసరే. పాపం, ఆయనకు ఆ సంగతి తెలియదు, ఈవిడకూ తెలియదు. ఆ కిరసనాయిలులో కొంత దొంగదారిన డీజిలులో కలిసిందన్నది వేరే బాధ. అయినా అదంతా గుడ్డి లెక్క కాదు. అవసరం ఎవరికి ఎక్కువో చూసి వేసిన కొసరది.

2002 ఏప్రిల్‌తో ఆ పద్ధతి కాగితం మీద ముగిసింది. ప్రైవేటు బంకులు వచ్చాయి. కానీ 2008లో ముడినూనె మండిపోయినప్పుడు ప్రభుత్వ కంపెనీలు నష్టానికి అమ్మాయి. వాటికి ప్రభుత్వం ఆసరా ఉంది, ప్రైవేటు వాళ్ళకు లేదు. అంత తక్కువకు అమ్మలేక రిలయన్సు వాళ్ళు దేశమంతటా తమ బంకులు మూసేసుకున్నారు. 2010లో పెట్రోలు ధరను, 2014లో డీజిలు ధరను ప్రభుత్వం వదిలేసింది.

ఆ తరవాత విశాఖకు ఒక వింత గౌరవం దక్కింది. రోజూ ధర మార్చే పద్ధతిని మొదట అయిదు ఊళ్ళలో పరీక్షించారు. ఉదయపూర్, జంషెడ్‌పూర్, చండీగఢ్, పుదుచ్చేరి, అయిదోది మన విశాఖపట్నం. 2017 మే 1న మొదలైంది. అంతవరకు పక్షానికోసారి మారే ధర, కూరల ధరలా రోజూ పైసల్లో పెరుగుతూ తరుగుతూ వచ్చింది. జూన్ 16 నుంచి దేశమంతటికీ అదే పద్ధతయింది.

ధర విడిపోయాక కొసర్లూ తిరిగొచ్చాయి. 2016 నోట్ల రద్దు తరవాత బంకులో కార్డుతో చెల్లిస్తే నూటికి ముప్పావలా తగ్గింపన్నారు. అంటే వెయ్యి రూపాయల పెట్రోలుకు ఏడున్నర రూపాయలు. 2019 అక్టోబరులో క్రెడిట్ కార్డుల మీద దాన్ని ఎత్తేశారు. చేతిలో నోట్లు లేనన్నాళ్ళు మనకు కార్డు అలవాటు చెయ్యాలి, అలవాటయ్యాక కొసరెందుకు?

ఈ విద్యలో ఆరితేరినవి పైదేశాల సూపర్ మార్కెట్లు. ఫ్రాన్సులో, బ్రిటనులో అవి తమ కొట్టు ఆవరణలోనే బంకు పెట్టి పక్కవాళ్ళకంటే తక్కువకు పెట్రోలు పోస్తాయి. అక్కడ పెట్రోలే కొసరు, అసలు బేరం లోపలి సరుకులు. ట్యాంకు నింపుకోవడానికి వచ్చినవాళ్ళు ఎలాగూ వచ్చాం కదా అని బండెడు సామాను కొనుక్కుని పోతారు.

ఆస్ట్రేలియాలో పిల్లల దగ్గరికి వెళ్ళొచ్చిన అమ్మలకు ఇది బాగా తెలుసు. 2003 ప్రాంతాల నుంచి అక్కడ కోల్స్, వూల్‌వర్త్స్ అనే రెండు పెద్ద కొట్లు, ముప్ఫై డాలర్ల సరుకులు కొంటే బిల్లు అడుగున లీటరుకు నాలుగు సెంట్ల తగ్గింపు కూపను ముద్రించి ఇచ్చాయి. మన పిల్లలు ఆ బిల్లులు కారు అరలో జాగ్రత్తగా దాచుకుంటారు. లెక్క వేసి చూడండి. నలభై లీటర్ల ట్యాంకుకు మిగిలేది ఒక డాలరు అరవై సెంట్లు. ముప్ఫై డాలర్లు నిండటానికి అక్కర్లేని బిస్కట్ల పొట్లం ఒకటి బండిలో పడేస్తే ఆ మిగులు కాస్తా అక్కడే చెల్లు!

పోనుపోను ఆ తగ్గింపు ఎనిమిది సెంట్లు, ఆపైకి పోయింది. అప్పుడు ఆ దేశపు పోటీ, వినియోగదారుల కమిషన్ అడ్డుపడింది. చవగ్గా ఇస్తుంటే అభ్యంతరమేమిటని మనకనిపిస్తుంది. కమిషన్ భయమేమిటంటే, సరుకుల లాభంతో పెట్రోలు కొసరు వేస్తూ పోతే, పెట్రోలు తప్ప మరేమీ అమ్ముకోలేని చిన్న బంకువాడు నిలబడలేడు. వాడు పోయాక కొసరు ఎవరిని చూసి వేస్తారు? 2014 జనవరి నుంచి అలాంటి తగ్గింపు నాలుగు సెంట్లు దాటనివ్వమని ఆ రెండు కొట్లు మాటిచ్చాయి.

ఆ భయం ఉత్తది కాదని బ్రిటనులో తేలింది. అక్కడ పెట్రోలు చవక అంటే సూపర్ మార్కెట్టే అని ఏళ్ళ తరబడి నమ్మకం. 2023 జూలైలో ఆ దేశపు పోటీ సంస్థ లెక్కలు తీసి చూస్తే, 2019 నుంచి 2022కు సూపర్ మార్కెట్లు లీటరు మీద వేసుకునే లాభం ఆరు పెన్నీలు పెరిగింది. దానివల్ల 2022 ఒక్క ఏడాదిలో వాళ్ళ బంకుల్లో జనం అదనంగా కట్టింది తొంభై కోట్ల పౌన్లు. ఇప్పుడు ఎవరూ పిట్టల వేటకు వెళ్ళలేదు, కోటలో ఒప్పందం రాసుకోలేదు. పోటీ చల్లబడింది, అంతే. ఫలితం మాత్రం అక్నకారీ నాటిదే.

మనకు అలాంటి కూపన్లు లేకపోయినా తెలుగునేల మీద ఒక పెద్ద కొసరు ఉంది. పేరు యానాం. గోదావరి ఒడ్డున ముప్ఫై చదరపు కిలోమీటర్ల ఊరు, పుదుచ్చేరి పాలనలోది. అక్కడ అమ్మకం పన్ను తక్కువ. చుట్టుపక్కల ఆంధ్రా ఊళ్ళవాళ్ళు పనిగట్టుకుని వెళ్ళి బళ్ళు నింపించుకు రావడం అందరికీ తెలిసిన సంగతే. కంపెనీ అదే, నూనె అదే, తేడా అంతా పన్నుదే. పెట్రోలు శుద్ధి చేసే విశాఖలో ఒక ధర, చుక్క పెట్రోలు తయారుచెయ్యని యానాంలో అంతకంటే తక్కువ! మనం కట్టే ధరలో నూనె ఖరీదెంత, కేంద్రం పన్నెంత, రాష్ట్రం పన్నెంత అన్నది పాయింట్ల కార్డు ఎప్పుడూ చెప్పదు.

ఇక రష్యా నూనె ముచ్చటగా మూడోసారి వచ్చింది. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక పడమటి దేశాలు కొనడం తగ్గించాయి. రష్యా తగ్గింపు ధరకు అమ్మజూపింది. అంతకు ముందు మన దిగుమతుల్లో నూటికి రెండు కూడా లేని రష్యా ముడినూనె, ఏడాది తిరిగేసరికి మూడోవంతుకు చేరింది. మరి బంకులో? రోజూ మారాలని విశాఖలో పరీక్షించి మరీ పెట్టిన ఆ అంకెను, 2022 ఏప్రిల్ మొదటివారం తరవాత ప్రభుత్వ కంపెనీలు కదపలేదు. ఆ మేలో కేంద్రం పన్ను తగ్గించినప్పుడు ధర దిగింది. ఆ తరవాత 2024 మార్చి 15న రెండు రూపాయలు తగ్గే దాకా కంపెనీలవైపు నుంచి చలనం లేదు. పాత నష్టాలు పూడ్చుకోవాలన్నారు. అందులో నిజం లేకపోలేదు. హిందుస్థాన్ పెట్రోలియం 2022-23లో దాదాపు తొమ్మిది వేల కోట్లు నష్టపోయింది. మరుసటి ఏడు పద్నాలుగు వేల కోట్లు దాటి లాభపడింది. నష్టం పూడింది, పైన మిగిలింది కూడా. 1927లో రష్యా నూనె చవక మన పల్లె దీపం దాకా వచ్చింది. 1960లో ప్రభుత్వం దాకా వచ్చింది. 2022లో ఎంతవరకు వచ్చి ఆగిందో మీరే చెప్పండి.

ఇంతకీ మనం చెయ్యగలిగిందేమిటి? పాయింట్లు వస్తే వదులుకోనక్కర్లేదు, అది మన డబ్బే. కానీ ఆ పాయింట్ల కోసం ఊరవతలి బంకుకు పోయి, దారిలోనే అంతకంటే ఎక్కువ పెట్రోలు కాల్చకూడదు. కొసరు కంటే ముందు కొలత చూసుకోవాలి. ప్రతి బంకులోనూ ముద్ర వేసిన అయిదు లీటర్ల కొలత పాత్ర ఉంచాలని నిబంధన. అనుమానమొస్తే అందులో పోసి చూపించమని ఎవరైనా అడగవచ్చు. నాణ్యం చూడటానికి ఫిల్టరు కాగితం కూడా అడగవచ్చు. వంకాయల దగ్గర అంత గట్టిగా అడిగే మనం ఇక్కడెందుకు మొహమాటపడాలి?

మరో మాట. ఈ కూపన్లు, కార్డులు అన్నీ ట్యాంకు నిండా పోయించుకునే వాళ్ళకోసం పుట్టినవి. ఎంత ఎక్కువ కొంటే అంత ఎక్కువ కొసరు. భీమిలి తీరంలో తెల్లవారుతూనే చేపల గంపలతో ఆటో ఎక్కి విశాఖ బజార్లకు బయలుదేరే పల్లెకారు ఆడవాళ్ళున్నారు. డీజిలు ధర పెరిగితే పడవలో పెరుగుతుంది, ఆటో చార్జీలో పెరుగుతుంది. రెండు బరువులూ వాళ్ళ గంప మీదే పడతాయి. వాళ్ళ దగ్గర కార్డూ లేదు, పాయింట్లూ లేవు. అయినా మనం అడగగానే తూచినదాని మీద మరో నాలుగు నెత్తళ్ళు వేసి పంపిస్తారు. ఈ నూటపాతికేళ్ళ కథ అంతటిలో, వేసేవాళ్ళ జేబులోంచి నిజంగా వచ్చే కొసరు అదొక్కటేనేమో. తీసుకునేటప్పుడు ఆ సంగతి కాస్త గుర్తుంచుకుంటే చాలు.